అప్‌డేట్: రెండున్నరేళ్ల బాబుకు మాటలు రాకపోవడం, కారణం దొరికింది
ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర మా అంగన్‌వాడీలో ఒక బాబు "అమ్మ", "తాత" దాటి మాట్లాడటం లేదని, ఇంట్లో తెలుగు, ఇక్కడ ఒడియా కావడం వల్లేనా అని ఇదివరకు అడిగాను. ముందు చెవులు చూపించమన్నవారికి దండాలు, అదే నిజమైంది. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) టింపనోమెట్రీ, అంటే కర్ణభేరి కదలికను గీతగా చూపే పరీక్ష, చేస్తే రెండు చెవులకూ గీత చదునుగా వచ్చింది, అంటే కర్ణభేరి సరిగా కదలడం లేదు: జలుబు తర్వాత కర్ణభేరి వెనక జిగట నీరు నిలిచిపోయింది. మందులేమీ రాయలేదు; చాలామందికి దానంతటదే ఇంకుతుందని 3 నెలలు ఆగి మళ్లీ పరీక్షించారు. గీత మామూలైంది. ఇప్పుడు రెండేసి మాటలు కలుపుతున్నాడు, అదీ రెండు భాషల్లోనూ!

ఈలోగా పనికొచ్చింది: కుక్కర్, ఫ్యాన్ రొదకు దూరంగా, మీటరు లోపు ఎదురుగా కూర్చుని మాట్లాడటం. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడాన్ని మొండితనం అనుకున్నాం. నాలుకను కింద పట్టి ఉంచే పొర (చాలామంది నరం అంటారు) కూడా బాగానే ఉందన్నారు. మాటలు వస్తాయని నాకించే వస జోలికి పోలేదు.