దీక్షా పాఠాలు మెమరీ కార్డులోకి మార్చడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. పాప సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే పాఠం వీడియో వస్తుంది, బాగానే ఉంటుంది. చిక్కల్లా సిగ్నల్‌తోనే. రాత్రి డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన ఫోన్ పైకెత్తితే రెండు గీతలు. దోమలు సరేసరి!

యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చని తెలిసి నాలుగు పాఠాలు దించాను. అంతలోనే ఫోన్ నిండిపోయింది (32 జీబీ, సగం చుట్టాల గుడ్ మార్నింగ్ బొమ్మలే). ఆ పాఠాలను మెమరీ కార్డులోకి మార్చే దారి ఉందా?

ఇంకోటి. ఈమధ్య పాప లెక్కలు చాట్‌జీపీటీని అడిగి, జవాబులు చూసి రాసేస్తోంది. ఫోన్ లాక్కోవడం నాకిష్టం లేదు. జవాబు చెప్పకుండా తర్వాతి స్టెప్పు మాత్రమే చెప్పేలా దాన్ని ఎలా అడగాలి? మీ పిల్లలతో చేయించినవాళ్లుంటే కాస్త చెప్పండి.