చిన్న ఐఎస్‌పీ ఎడ్జ్‌లో ఎఫ్ఆర్ఆర్ పెట్టాలా, బర్డ్ పెట్టాలా?

కూకట్‌పల్లి_ఫైబర్: మాది చిన్న ఐఎస్‌పీ, అంటే ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. మాకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద కంపెనీలు (అప్‌స్ట్రీమ్‌లు) రెండు, నెట్‌వర్క్‌లు కలిసే ఎక్స్ఛేంజ్‌లో ఒక పోర్ట్. నెట్‌వర్క్ అంచున (ఎడ్జ్‌లో) ఉన్న పాత రూటర్‌లో ఫుల్ టేబుల్, అంటే ఇంటర్నెట్ దారులన్నిటి (రూట్ల) పట్టిక, పట్టడం లేదు. లినక్స్ సర్వర్‌కి మారుతున్నాం. నెట్‌వర్క్‌ల మధ్య రూట్లు ఇచ్చిపుచ్చుకునే బీజీపీని నడిపే ఎఫ్ఆర్ఆర్, బర్డ్ సాఫ్ట్‌వేర్లలో ఏది మేలంటారు?

నైట్‌షిఫ్ట్_నాక్: బర్డ్. ఎక్స్ఛేంజ్‌లలో అందరికీ రూట్లు పంచే రూట్ సర్వర్లు చాలా దాని మీదే నడుస్తున్నాయి. ఏ రూట్ తీసుకోవాలో, ఏది ఆపాలో చెప్పే ఫిల్టర్లను ఫంక్షన్లుగా రాసుకోవచ్చు. ఆర్‌పీకేఐ (రూట్‌ని ప్రకటించే హక్కు ఎవరిదో చూసే తనిఖీ)లో చెల్లని, అంటే ఇన్‌వాలిడ్, రూట్లు ఒక్క షరతుతో ఆగిపోతాయి. కాన్ఫిగ్ మార్చేటప్పుడు టైమౌట్ పెడితే, మనం కన్ఫర్మ్ చేయకపోతే దానంతటదే పాత కాన్ఫిగ్‌కి వెళ్లిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆ ఒక్కటి చాలు.

అమీర్‌పేట_అన్న: ఎఫ్ఆర్ఆర్ తీసుకోండి. కమాండ్లు సిస్కో కంపెనీ రూటర్లలో లాంటివే. సిస్కో వాళ్ల సీసీఎన్ఏ సర్టిఫికెట్ చేసిన పిల్లాడు మొదటి రోజే ‘షో బీజీపీ సమ్మరీ’ కొట్టి చూడగలడు. ఆర్‌పీకేఐ ఇందులోనూ ఉంది. రేపు ఐఎస్-ఐఎస్, ఈవీపీఎన్ లాంటి వేరే నెట్‌వర్క్ టెక్నాలజీలు కావాలన్నా ఇందులోనే.

నైట్‌షిఫ్ట్_నాక్: ఈవీపీఎన్ ఎవరడిగారు? రూట్‌తో వచ్చే వివరం (బీజీపీ యాట్రిబ్యూట్) పాడై ఉంటే అవతలి రూటర్‌తో కనెక్షన్ (సెషన్) పడిపోయే లోపం 2023లో ఎఫ్ఆర్ఆర్‌లో బయటపడింది. బర్డ్‌కి ఆ సమస్య రాలేదు.

అమీర్‌పేట_అన్న: అది ఎప్పుడో సరిచేశారు. మీ బర్డ్‌కి మల్టీథ్రెడింగ్ (ఒకేసారి చాలా కోర్లు వాడుకోవడం) వచ్చిందే 2024 డిసెంబర్‌లో, వెర్షన్ 3తో.

నైట్‌షిఫ్ట్_నాక్: రెండు అప్‌స్ట్రీమ్‌లకు ఎన్ని కోర్లు కావాలండీ?

బాక్స్_బాబు: ఇలాంటిదే ఓపెన్‌బీజీపీడీ కూడా ఉంది, దాని పేరు ఎవరూ ఎత్తరేం?

అమీర్‌పేట_అన్న: కోర్ల లెక్క వదిలేయండి. మా దగ్గర ఒకాయన బర్డ్‌లో ఫిల్టర్లన్నీ రాసి, ఒక్క కామెంట్ పెట్టకుండా మానేసి వెళ్లాడు. అప్‌స్ట్రీమ్ మార్చిన రాత్రి ఫోన్ ఎత్తలేదు. ఆ ఫైలు మాకెవరికీ అర్థం కాలేదు. పొద్దున్నే కస్టమర్లు ఆఫీసు ముందు నిలబడితే తిట్లు తిన్నది నేను.

నైట్‌షిఫ్ట్_నాక్: మానేశాక కూడా ఎత్తాలా? నేనూ అలాంటి చోట చేశాను. రాత్రి డ్యూటీకి రెండో మనిషిని ఇవ్వరు. రాసి పెట్టడానికి టైమ్ ఇవ్వరు. మనిషి వెళ్లాక సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. మీకు కావాల్సింది తక్కువ జీతానికి దొరికే మనిషి. అది చెప్పండి ముందు.

అమీర్‌పేట_అన్న: అవును, అదే. నెలకు నాలుగైదు వందల ప్లాన్లు అమ్ముకునేవాళ్లం, మీ జీతం ఎక్కడి నుంచి తేవాలి? అందుకే పదిమందికి తెలిసిందే పెడతాను.

నైట్‌షిఫ్ట్_నాక్: పదిమందికి తెలిసింది కమాండ్లు. ఏ రూట్ ఎందుకు ఆపాలో తెలిసినవాళ్లు అంతమంది ఉన్నారా?

కూకట్‌పల్లి_ఫైబర్: అన్నలూ, గొడవ వద్దు. మా దగ్గర ఉన్నది ఇద్దరు, ఇద్దరూ సిస్కో నేర్చుకున్నవాళ్లే. ఎఫ్ఆర్ఆర్ వైపే మొగ్గుతున్నాను. టెస్ట్ బాక్స్‌లో నైబర్ (అవతలి రూటర్)తో కనెక్షన్ పైకి వచ్చింది కానీ ఒక్క రూట్ కూడా రావడం లేదు. ఫిల్టర్ ఉందా అని చూసే పాలసీ చెక్ ఆఫ్ చేసేయమని ఒకరన్నారు.

నైట్‌షిఫ్ట్_నాక్: ఆఫ్ చేయకండి. ఎఫ్ఆర్ఆర్ కొత్త వెర్షన్లలో రూట్‌మ్యాప్ (రూట్లను వడకట్టే నియమాల జాబితా) గానీ వేరే ఫిల్టర్ గానీ లేకపోతే ఈబీజీపీ నైబర్ (వేరే నెట్‌వర్క్ రూటర్) నుంచి రూట్లు తీసుకోదు, పంపదు. ఒక అప్‌స్ట్రీమ్ రూట్లు ఇంకో అప్‌స్ట్రీమ్‌కి లీక్ కాకుండా కాపాడేది అదే. ఫిల్టర్లు మీ ఇద్దరితోనే రాయించండి, నేను చూసి చెప్తాను.

అమీర్‌పేట_అన్న: ఈ మాట మాత్రం వినండి. ప్రతి లైను పైనా కామెంట్ పెట్టించండి.