టీమ్‌కి పనుంటే స్టడీ డే వదులుకోవాలా? డిగ్రీ అప్రెంటిస్‌లు, మేనేజర్లు చెప్పండి

బుధవారం చదువు:

నేను ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కంపెనీలో డిగ్రీ అప్రెంటిస్‌ని. ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) అవగానే 2023 సెప్టెంబరులో సాఫ్ట్‌వేర్ టీమ్‌లో చేరాను. ఇప్పుడు మూడో ఏడు. వారంలో నాలుగు రోజులు ఆఫీసు పని, బుధవారం యూనివర్సిటీ చదువు. ఫీజు కంపెనీ చూసుకుంటుంది, నెలనెలా జీతం వస్తుంది. చుట్టాలందరూ "నీకేంటమ్మా, అప్పు లేకుండా డిగ్రీ" అంటారు. నిజమే, కాదనను.

నా బాధంతా ఆ బుధవారం గురించే. క్యాలెండర్‌లో రోజు మొత్తం 'స్టడీ డే' అని బ్లాక్ చేసి పెడతాను. అయినా పదింటికి ఒక మీటింగ్ వచ్చి పడుతుంది, "అరగంటే, ఒకసారి వచ్చి వెళ్లిపో" అని. ఆ అరగంటలో నా చేతిలో ఒక పని పెడతారు. అది తేలేసరికి పన్నెండవుతుంది. మధ్యాహ్నం లెక్చర్ రికార్డింగ్ పెట్టుకుని కూర్చుంటే చాట్‌లో మెసేజ్‌లు మోగుతూనే ఉంటాయి. ఈ మధ్య 11 బుధవారాలు వరసగా రాసుకుని చూశాను. పూర్తిగా నాకు దక్కినవి 3. మిగతా చదువంతా శని, ఆదివారాల మీద పడింది. డేటాబేస్ అసైన్‌మెంట్ ఆదివారం రాత్రి పదకొండున్నరకి సబ్మిట్ చేసి, నిద్ర పట్టక, పొద్దున తొమ్మిదింటికి స్టాండప్‌లో (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పే రోజువారీ మీటింగ్‌లో) కూర్చుంటే నా వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలో గుర్తు రాలేదు.

టీమ్‌లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. మా మేనేజర్ అయితే చాలా మంచాయన. అందుకే కాదనలేకపోతున్నాను. పని నేర్పింది వాళ్లే కదా, అవసరమైనప్పుడు నేను లేకపోతే ఎలా అనిపిస్తుంది. స్టడీ డేని గట్టిగా పట్టుకోవాలా, సర్దుకుపోవాలా?

రీడింగ్ టీమ్ లీడ్:

అమ్మా, రీడింగ్ ఊళ్లో నా టీమ్‌లో ఇద్దరు అప్రెంటిస్‌లు పనిచేస్తున్నారు కాబట్టి మేనేజర్ల వైపు నుంచి చెబుతాను. నీ స్టడీ డేకి విలువ లేదని ఎవరూ అనుకోరు. కానీ కొత్త వెర్షన్ రిలీజ్ చేసే వారంలో, ఏదైనా సిస్టమ్ పడిపోయిన రోజున, ఎవరి క్యాలెండర్ ఎలా ఉందో చూసే తీరిక ఉండదు. పోయిన ఏడాది మా దగ్గర పేమెంట్ల సర్వీస్ ఆగిపోయినప్పుడు అప్రెంటిస్ ఒకబ్బాయి తన స్టడీ డే అయినా వచ్చి కూర్చున్నాడు. సిస్టమ్ రాసిపెట్టే లాగ్‌లు ఎలా చదవాలో, ఏ మార్పు వెనక్కి తీయాలో ఆ నాలుగు గంటల్లో నేర్చుకున్నాడు. క్లాసులో అది ఎన్నాళ్లకి వస్తుంది? తర్వాత పెద్ద ప్రాజెక్టుకి మనిషి కావాల్సి వచ్చినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చింది అతనే.

వదులుకోమని నేను అనడం లేదు. బుధవారం పోతే గురువారం తీసుకో. పెద్ద కంపెనీలో నిన్ను నమ్మాలంటే ముందు నువ్వు కనబడాలి.

2020 బ్యాచ్:

అన్నా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ గురువారం ఎప్పుడైనా వచ్చిందా? నా అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

చెల్లీ, ఇది సర్దుబాటు సంగతి కాదు. ఆ చదువు గంటలు నీ ఉద్యోగంలో భాగం. ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు 2015లో మొదలయ్యాయి. నేను చేరినప్పుడు పని గంటల్లో కనీసం 20 శాతం శిక్షణకి ఇవ్వాలని ఉండేది. 2022 ఆగస్టులో అది మారింది. నువ్వు చేరిన 2023 నాటి నిబంధన ప్రకారం ఫుల్‌టైమ్ వాళ్లకి వారానికి సగటున కనీసం 6 గంటలు. దీన్నే ఆఫ్ ద జాబ్ ట్రైనింగ్ అంటారు. ఇది జీతం ఇచ్చే పని గంటల్లోనే జరగాలి. ఎప్పుడైనా బయట చేయాల్సి వస్తే, నువ్వు ఒప్పుకోవాలి, దానికి డబ్బైనా ఇవ్వాలి, బదులు సెలవైనా ఇవ్వాలి. నీ శని, ఆదివారాలకి ఈ రెండింటిలో ఏదైనా వచ్చిందా?

కంపెనీ నీకేదో దానం చేస్తోందనే భావన కూడా మనసులోంచి తీసెయ్. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు 2017 ఏప్రిల్ నుంచి 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను కడుతున్నాయి. అలాంటి కంపెనీలో నీ ఫీజు వెళ్లేది ఆ ఖాతాలోంచే. అది శిక్షణకీ పరీక్షలకీ తప్ప జీతాలకి వాడకూడని డబ్బు.

నేను మంచిదాన్ని అనిపించుకోవాలని రెండేళ్లు ప్రతి మీటింగ్‌కీ వెళ్లాను. మూడో ఏట ఒక మాడ్యూల్ (సబ్జెక్టు) పోయింది. రీసిట్‌కి, అంటే ఆ పరీక్ష మళ్లీ రాయడానికి, చదువుకోవాలని వారం సెలవు పెట్టాను, అదీ నా సొంత సెలవుల్లోంచి. ఆ వారంలో ఒక్క మీటింగ్ కూడా నా కోసం ఆగలేదు. నేను లేకపోయినా టీమ్ నడిచింది. అది ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

లెస్టర్ నాన్న:

మా అబ్బాయికి ఈ ఏడు ఏ లెవెల్స్. ఈ చర్చంతా చదివాక నా అనుమానం ఇంకా పెరిగింది. పద్దెనిమిదేళ్ల పిల్లల మీద ఇంత బరువు ఎందుకండీ? మామూలు యూనివర్సిటీకి వెళ్తే వేసవి మొత్తం సెలవులు. ఉద్యోగంలో చట్టం ఇచ్చే కనీస సెలవు బ్యాంక్ హాలిడేలతో (ప్రభుత్వ సెలవులతో) కలిపి 28 రోజులు, అందులోనే పరీక్షలకి చదువుకోవాలి. స్నేహితులతో ఒక ఇంట్లో ఉండి, తప్పులు చేసి, ఏం ఇష్టమో తెలుసుకునే వయసు అది. చదువు అప్పు గురించి భయపెడతారు గానీ, ఇప్పుడు చేరేవాళ్లకి ఏడాది సంపాదన 25,000 పౌండ్లు దాటితేనే, పైన ఉన్న దాంట్లో 9 శాతం కడతారు. ఉద్యోగం లేకపోతే కట్టక్కర్లేదు. ఆ మాత్రానికి పిల్లవాడి మూడేళ్లు కంపెనీకి రాసివ్వాలా?

2020 బ్యాచ్:

అంకుల్, ఆ అప్పు తీరకపోతే 40 ఏళ్ల పాటు కడుతూ ఉండాలి. 2025-26లో ఇంగ్లండ్‌లో ఫీజు ఏడాదికి గరిష్ఠంగా 9,535 పౌండ్లు. మూడేళ్లకి 28 వేలు దాటుతుంది, ఉండటానికి, తినడానికి తీసుకునే అప్పు దాని మీద అదనం. అయినా మీ మాటలో ఒకటి ఒప్పుకుంటాను. నా స్నేహితులు వేసవిలో ఊళ్లు తిరుగుతున్న ఫోటోలు పెడితే నేను ఆఫీసులో చూసేదాన్ని. ఆ లోటు నాకు ఉంది. మీ అబ్బాయిని మాత్రం అడగండి, అతనికేం కావాలో. నా బాధ ఈ దారి మీద కాదు, చదువుకని ఇచ్చిన రోజుని పని తినేయడం మీద.

బుధవారం చదువు:

అక్కా, ఒక భయం ఉంది. గట్టిగా అడిగి, గొడవై, మానేయాల్సి వస్తే ఫీజు తిరిగి కట్టమంటారేమో?

2020 బ్యాచ్:

కట్టక్కర్లేదు. శిక్షణ ఖర్చులో ఏ భాగమూ అప్రెంటిస్ దగ్గర వసూలు చేయకూడదని ప్రభుత్వ నిధుల నిబంధనల్లోనే ఉంది. మధ్యలో మానేసినా అంతే. నీ ఒప్పందం కాగితం ఒకసారి తీసి చదువు.

కోచ్‌గా చేస్తున్నాను:

నేను యూనివర్సిటీ తరఫున అప్రెంటిస్‌లని చూసుకునే కోచ్‌ని. ఇలాంటి బుధవారాలు నాకు కొత్త కాదు. ఆ 11 వారాల లెక్క ఉంది చూశారా, అది చాలా విలువైనది. జాగ్రత్తగా దాచుకోండి.

దాదాపు మూడు నెలలకోసారి మీరు, మేనేజర్, యూనివర్సిటీ మనిషి ముగ్గురూ కూర్చునే రివ్యూ ఉంటుంది. చాలామంది పిల్లలు అక్కడ "అంతా బాగానే ఉంది" అనేసి వచ్చేస్తారు. మేనేజర్ ఎదురుగా ఉంటారు కాబట్టి నోరు రాదు. నాకు అది అర్థమవుతుంది, కానీ వాళ్లు చెప్పకపోతే నేను మొదలుపెట్టలేను. కాబట్టి రివ్యూకి రెండు రోజుల ముందే ఆ లెక్క మీ కోచ్‌కి పంపండి. మాట వాళ్లే ఎత్తుతారు.

ఇంకొకటి, ఆఫ్ ద జాబ్ లాగ్‌లో, అంటే శిక్షణ గంటలు రాసే రికార్డులో, జరిగిందే రాయండి. జరగని గంటలు జరిగినట్టు నింపితే రేపు మీకు సమయం దొరకలేదని చెప్పుకోవడానికి ఆధారమే ఉండదు. మీ దగ్గర దాచడానికి ఏమీ లేదు, మరి కంపెనీ కోసం ఎందుకు దాచాలి? సీనియర్ పక్కన కూర్చుని కొత్త విషయం నేర్చుకుంటే అది లెక్కలోకి వస్తుంది. అసైన్‌మెంట్ రాసుకునే సమయమూ వస్తుంది. ఇప్పటికే వచ్చిన పనిని మళ్లీ చేస్తే రాదు. ఆ పదింటి మీటింగ్ అయితే అస్సలు రాదు.

మరీ అలసిపోతే బ్రేక్ ఇన్ లెర్నింగ్ తీసుకోవచ్చు. చదువు కొన్నాళ్లు ఆగుతుంది, ఉద్యోగం కొనసాగించవచ్చు. దానికి మీరు ఓడిపోయారని అర్థం కాదు.

లీడ్ గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. రోజు మార్చుకోవచ్చు. కానీ బుధవారం తీసుకునే ముందే బదులు రోజు క్యాలెండర్‌లో పడాలి. తర్వాత చూద్దాం అన్న రోజు రాదు.

రీడింగ్ టీమ్ లీడ్:

కోచ్ గారి షరతు ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, 2020 బ్యాచ్ అడిగిన ప్రశ్న చదివాక మా ఇద్దరు పిల్లల క్యాలెండర్లు తీసి చూశాను. ఆ పేమెంట్ల రోజుకి బదులు రోజు నేను ఇవ్వలేదు. ఇస్తానని అన్నట్టు కూడా గుర్తులేదు. ఆ అబ్బాయి అడగలేదు. రేపు మాట్లాడతాను.

కానీ ఒక్క విషయంలో నా మాట మార్చుకోను. సిస్టమ్ పడిపోయిన రోజున "ఇది నా స్టడీ డే" అని ఫోన్ పక్కన పెట్టేసే అలవాటు మంచిది కాదు. రేపు వాళ్లూ ఇంజినీర్లే కదా.

2020 బ్యాచ్:

అలాంటి రోజు ఏడాదికి రెండు మూడు వస్తే నేనూ వెళ్తానన్నా. ఈ చెల్లి లెక్కలో 11కి 8 పోయాయి. అన్నీ సిస్టమ్ పడిపోయిన రోజులా?

బుధవారం చదువు:

అందరికీ థాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, రివ్యూ అయ్యాక చెబుదామని ఆగాను.

కోచ్‌కి లెక్క ముందే పంపాను. రివ్యూలో ఆవిడ ఆ కాగితం స్క్రీన్ మీద పెట్టి, "ఈ 8 రోజుల్లో ఏం జరిగింది?" అని మెల్లగా అడిగారు. మా మేనేజర్ ఒక నిమిషం దాన్నే చూస్తూ ఉండిపోయారు. నేను మీటింగ్ అయ్యాక మళ్లీ చదువుకుంటున్నాననే ఆయన ఇన్నాళ్లూ అనుకున్నారట. శని, ఆదివారాల సంగతి ఆయనకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు మరి. పదింటి మీటింగ్ మంగళవారానికి మార్చారు. పోయిన గంటలకి బదులుగా ఈ నెలలో రెండు శుక్రవారాలు ఇచ్చారు.

తర్వాతి రెండు బుధవారాలు లైబ్రరీకి వెళ్లాను, చాట్ ఆపేసి. మొదటి రోజు మధ్యాహ్నం దాకా చెయ్యి ఊరికే ఫోన్ మీదకి పోతూనే ఉంది. నిన్న బుధవారం నిజంగానే ఒక సర్వీస్ పడిపోయింది. ఈసారి ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. వెళ్లే ముందు రేపు శుక్రవారాన్ని క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, మేనేజర్ సరేనని పెట్టాకే లాగిన్ అయ్యాను.