కంట్లో సున్నం పడింది, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మానడానికి ఎన్నాళ్లు పడుతుంది?

అందరికీ నమస్కారం. మాది విశాఖలో గాజువాక. పన్నెండు రోజుల క్రితం గోడకు వెల్ల వేస్తుంటే మా తమ్ముడి కుడి కంట్లో సున్నం ముద్ద పడింది. వెంటనే కుళాయి కింద అరగంట కడిగాం. అయినా ఆసుపత్రిలో రెప్ప తిరగేసి చూస్తే లోపల పలుకులు ఇంకా ఉన్నాయి. వాటిని తీసి, సెలైన్‌తో మళ్లీ చాలాసేపు కడిగారు.

సున్నం యాసిడ్ కంటే ప్రమాదమని అప్పటిదాకా నాకు తెలియదు. యాసిడ్ పడితే పైపొరలో ప్రోటీన్లు గడ్డకట్టి కొంత అడ్డుపడతాయట. సున్నం లాంటి క్షారం అలా ఆగదు, లోపలికి దిగిపోతుంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే అంచును లింబస్ అంటారు. కార్నియా మీద కొత్త పొర వేసే మూలకణాలు అక్కడే ఉంటాయి. తమ్ముడికి ఆ అంచులో దాదాపు మూడో వంతు దెబ్బతిందన్నారు.

యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు, విటమిన్ సి మాత్రలు వాడుతున్నాం. కార్నియా మీద పుండు సగమే మూసుకుంది. వెలుతురు చూడలేకపోతున్నాడు. వాడు క్రేన్ ఆపరేటర్, కన్నే వాడి బతుకు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఉంటే చెప్పండి, పైపొర పూర్తిగా మూసుకోవడానికి మీకు ఎన్ని వారాలు పట్టింది? మసక తగ్గిందా? పుండు మూసుకోకముందే స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే కార్నియా పలచబడుతుందని చదివాను, మీ డాక్టరు ఎప్పుడు ఆపించారు? కంటి మీద ఉమ్మనీటి పొర (కాన్పులో వచ్చే మాయ లోపలి పలచని పొర) అతికించుకున్నవాళ్లు, రెండో కంటి నుంచి మూలకణాలు తీసి పెట్టించుకున్నవాళ్లు ఉంటే దయచేసి మీ అనుభవం రాయండి. సోమవారం మళ్లీ చూపించాలి, డాక్టరు గారిని ఏమేం అడగాలో కూడా చెప్పండి.