లెఫ్ట్ బ్యాక్ కోసం రెండో గోల్‌కీపర్‌ని వదులుకోవచ్చా?

అన్నలూ, గుంటూరులో మా ఫుట్‌బాల్ జట్టు జాబితా ఈ వేసవిలోనే ఖరారు చేయాలి. ఆట తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇప్పుడు 20 మంది ఉన్నారు. రిజిస్ట్రేషన్ 18 మందికే. ఆడేది 4-3-3, అంటే నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. స్ట్రైకర్లే ఐదుగురు, ఎడమకాలి డిఫెండర్ మాత్రం ఒక్కడూ లేడు! కుడికాలి వాడిని లెఫ్ట్ బ్యాక్‌లో (ఎడమ అంచు డిఫెండర్ స్థానంలో) నిలబెడితే బంతి అందగానే లోపలికి తిరుగుతాడు, నేరుగా ప్రెస్‌లోకే, అంటే మీదపడే ప్రత్యర్థుల మధ్యకే వెళ్తాడు. సైడ్ లైన్ వెంట పాస్ పడదు. వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) కిందికి దిగాల్సి వస్తుంది, ముందు ఒకడు తగ్గుతాడు. గోల్స్ ఎక్కువగా ఆ పక్క నుంచే తింటున్నాం.

బయటి నుంచి లెఫ్ట్ బ్యాక్‌ని తెస్తే ముగ్గురు పోవాలి. ఇద్దరు స్ట్రైకర్లు పోవడం ఖాయం, ముగ్గురు మిగిలితే చాలు. మూడోది రెండో గోల్‌కీపరా, ఎండలో గంటకు మించి పరిగెత్తలేని సీనియర్ మిడ్‌ఫీల్డరా? మార్పులు ఐదే, అవీ మూడు విడతల్లోనే. రోజూ ఒక మార్పు సీనియర్‌కే పోతోంది. కానీ పాస్ చూసి వేసేది అతనొక్కడే, అందుకే చేయి రావట్లేదు. అటు రెండో గోల్‌కీపర్‌ని తీసేస్తే, ఉన్న గోల్‌కీపర్‌కి రెడ్ కార్డ్ పడితే స్ట్రైకర్ గ్లవ్స్ తొడుక్కోవాలి.

ఇంకో దారి: ఎడమకాలి వింగర్‌ని వెనక్కి దించడం. వేగం ఉంది, అడ్డంగా నిలబడి ఆపడం రాదు, ముందే కాలు వేసేస్తాడు. ఇలాంటివాడిని మార్చినవాళ్లు ఎన్ని వారాలు పట్టిందో, ఏ డ్రిల్ పనిచేసిందో చెప్పగలరా?