ఈ వారం సమస్య: పులిసినట్టి కాఫి పొగడఁ దగును

సమస్య ఇచ్చినవారు (హనుమకొండ): ఆటవెలది, నాలుగో పాదం. పులిసి–నట్టి–కాఫి–పొగడఁ–దగును, అయిదూ సూర్యగణాలే. యతి పు–పొ. గణం కోసం ‘కాఫీ’ని కుదించాను, మన్నించాలి. మన ఊళ్ళో గింజలు వేపే చిన్న దుకాణంలో ఈసారి రెండు రకాలున్నాయి: అరకు పండ్లను తొక్కతోనే ఎండబెట్టినవి, చిక్కమగళూరు పండ్లను గాలి సోకకుండా పులియబెట్టినవి. పూరణ రాసే ముందు ఒక కప్పు రుచి చూడండి. వేపిన తేదీ నుంచి పది రోజులు ఆగాలి. అంతకుముందే కలిపితే గింజలోని కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగి నీళ్ళను పొడిలోకి దిగనియ్యదు.

కాజీపేట:

పండు తొక్కతోడ బల్లలపై నెండఁ
దేనె జిగురు గింజఁ దీపి నింపు
మూతఁ బెట్టి గాలి ముట్టని పీపాలఁ
బులిసినట్టి కాఫి పొగడఁ దగును

మంథని: యతులు, గణాలు సాఫీగున్నయ్. పని వరుసే తిరగబడ్డదన్నా. ముందు పీపా, తర్వాత బల్ల. పండిన పండ్లను పీపాలో నింపి మూత బిగిస్తరు. లోపలి గ్యాసు బయటికి పోయి, బయటి గాలి లోపలికి రాకుండ మూతకు ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటది. రెండు నుంచి నాలుగు రోజులు, పులుపు కొలిచే పీహెచ్ 4 దరిదాపులకు దిగేదాకా. ఆ తర్వాతే బల్లలెక్కుతయి, తేమ 11 శాతానికి వచ్చేదాకా. మీ పద్యంల ఎండిన పండ్లు పీపాలకు పోతున్నయి. ఎండినంక పులిసిందంటే అది బూజు లెక్క. ఇంకోటి, తీపి గింజల నింపుడన్నది కవిత్వం. జిగురులోని చక్కెరను ఈస్టు, బ్యాక్టీరియా తిని ఆమ్లాలు, వాసనలు పుట్టిస్తయి. ఇట్ల మారిస్తే ఎట్లుంటది?

మూతఁ బెట్టి గాలి ముట్టని పీపాలఁ
దేనె జిగురు గింజఁ దీపి నింపఁ
బండు తొక్కతోడ బల్లకు ముందుగా
బులిసినట్టి కాఫి పొగడఁ దగును

కాజీపేట: ఒప్పుకుంటున్నా. ‘బల్లకు ముందుగా’ బాగా కుదిరింది.

జగిత్యాల:

లేత వేపు గింజ లీలగా నిమ్మను
తలఁపఁ జేయు నొక్క తావితోడ
ఆరనిచ్చి గుక్క నందుకొన్న, రుచిని
బులిసినట్టి కాఫి పొగడఁ దగును

సమస్య ఇచ్చినవారు: ‘ఆరనిచ్చి’ అన్నది తాగేవాళ్ళకే తెలిసిన మాట. పొగలు కక్కేటప్పుడు ఈ కాఫీ చప్పగా తోస్తుంది, గోరువెచ్చనయ్యాకే నిమ్మ పైకొస్తుంది. కానీ పుల్లన వేరు, పులియడం వేరు. లేతగా వేపితే మిగిలే పులుపు పండుది, పులిసింది కాదు. ‘రుచిని’ అని సర్దారు గనుక గట్టెక్కింది, అంతే.

నిమ్మ అని మురిసిపోయే ముందు కాచిన తీరు కూడా చూసుకోవాలి. గరాటులో వడపోత కాగితం వేసి, 15 గ్రాముల పొడికి 240 మి.లీ. నీళ్ళు, 93 డిగ్రీలు. ముందు 45 మి.లీ. పోసి 40 సెకన్లు ఆగి, మిగతాది రెండు విడతలుగా. మొత్తం మూడు నిమిషాలకు దిగాలి. నిమిషం నలభైకే దిగిపోయి, నాలుక పక్కల ఉప్పగా పట్టి, గొంతులో ఏమీ మిగలకపోతే అది పొడి ముతకై సారం దిగని పులుపు. బొంబాయి రవ్వ కన్నా ఒక మెట్టు సన్నగా మార్చండి. నాలుగు నిమిషాలు దాటి నోరు ఎండిపోతే ముతక చేయండి.

నీళ్ళ సంగతి: మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ, పులుపును అక్కడికక్కడే నలిపేస్తుంది. ఉత్త ఆర్వో నీళ్ళలో అదే పులుపు సూదిలా గుచ్చుతుంది. మూడు వంతులు ఆర్వో, ఒక వంతు బోరు కలిపి మొదలుపెట్టండి.

పెద్దపల్లి:

రాత్రి చల్లనీట రవ్వగా నూఱిన
పొడిని నానఁబెట్టి పొద్దు పొడువఁ
బన్నెండు గంటలకుఁ బరువైన తావితోఁ
బులిసినట్టి కాఫి పొగడఁ దగును

మంథని: మూడో పాదంల ‘పన్నెండు’ కొంప ముంచింది. గురువు, గురువు, లఘువు. మొదటి చోట సూర్యగణమే రావాలె. గంటలను గడియలు చెయ్యి తమ్మీ, పన్నెండు గంటలంటే ముప్పది గడియలు: ‘ముప్పది గడియలకు ముదిరిన తావితోఁ’. ఇగ అర్థం కాడికొస్తే, చల్లనీళ్ళల్ల నానుడు పులుసుడు కాదు. ఆ కాఫీ గుణమే పులుపు తక్కువ తెలుసుడు. 80 గ్రాములకు 640 మి.లీ. పోసి ఫ్రిజ్‌ల పెట్టాలె. మే నెలల బయట పెడితే మాత్రం మీ పూరణ నిజమైతది.

హుజూరాబాద్:

ఏది పారఁబోయ నింపగు మఱునాడు?
మంచి గింజఁ గన్న మనకు నేమి
చేయఁ దగును? వరుసఁ జెప్పుడీ బదులును:
పులిసినట్టి కాఫి, పొగడఁ దగును

సమస్య ఇచ్చినవారు: క్రమాలంకారంతో తప్పించుకున్నారు. నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. ఒక్క మాట, నిన్నటి కాఫీ తొందరగా పులవాలంటే అందులో పాలుండాలి. పాలు లేనిది అంత తొందరగా పులవదు, వగరెక్కి పాడవుతుంది. చిక్కమగళూరు రకంలో వేడిపాలు పోస్తే విరిగే ప్రమాదమూ ఉంది. అదే వచ్చే వారం సమస్య, తేటగీతి: ‘పాలు పోసిన కాఫీకి పాప మంటు’.