కాఫీ షాపులో బిల్లు కట్టాక కూడా బాత్రూమ్‌కి వెళ్లనివ్వలేదు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అమ్మకి షుగర్, ఎక్కువసేపు ఆపుకోలేదు. నిన్న హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపులో రెండు కాఫీలకి బిల్లు కట్టి బాత్రూమ్ అడిగితే, కౌంటర్ అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే "స్టాఫ్‌కి మాత్రమే" అన్నాడు. తాళంచెవి అతని వెనకే మేకుకి వేలాడుతోంది. మేనేజర్‌ని బతిమాలితే పక్క మాల్‌కి పొమ్మన్నాడు. పెద్దావిడని ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటించాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

2017లో దక్షిణ ఢిల్లీ కార్పొరేషన్ రెస్టారెంట్ల టాయిలెట్లు ఐదు రూపాయల్లోపు రుసుముతో ఎవరైనా వాడుకోవచ్చని నిబంధన తెచ్చింది. మన దగ్గర అలాంటిదేమైనా ఉందా? జీహెచ్‌ఎంసీకి చెప్పాలా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయాలా? బిల్లు నా దగ్గరే ఉంది. ఇలాంటి ఫిర్యాదు చేసినవాళ్లుంటే ఏం జరిగిందో దయచేసి చెప్పండి.